పెట్ట కూసింది

మార్చి నెల. గుంటూరు మిర్చియార్డులో సీజన్ మంచి ఊపు మీద ఉంది. కాటా దగ్గర నిలబడి లాట్ నంబర్లు రాసుకుంటున్నాను. ముక్కుకి అడ్డంగా కట్టుకున్న తువ్వాల్లోంచి కూడా ఘాటు దూరి తుమ్ముల మీద తుమ్ములు. సరిగ్గా అప్పుడు మా మేనత్త ఫోన్ చేసింది.

“ఒరేయ్ అబ్బాయ్, నువ్విచ్చిన పెట్ట కూస్తోందిరా.”

“ఏందత్తా?”

“కూస్తోంది. అచ్చం పుంజు కూసినట్టే. మూడ్రోజుల నుంచీ నాలుగింటికే మొదలెడుతోంది. మా అత్తగారు ఊరుకోవట్లా. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమంట, ఆదివారం కోసెయ్యమంటోంది. నీకో మాట చెప్పకుండా కోస్తే బాగోదని చేశా.”

తుమ్ములు ఆగిపోయాయి. ఆ రోజు శుక్రవారం.

“అత్తా, దాని మీద చెయ్యి వెయ్యొద్దు. నేనే వస్తున్నా” అని ఫోన్ పెట్టేశాను. సీజన్‌లో సెలవంటే మా షావుకారు ఒప్పుకోడు. కోడి కోసం అంటే అసలు ఒప్పుకోడు. మా అత్తకి ఒంట్లో బాలేదని చెప్పి బయటపడ్డాను. ఆవిడ ఈ రాత చదివితే నన్ను తిట్టడం ఖాయం.

ఎందుకంత హడావుడి అంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ఒక మిర్చి కమీషన్ కొట్లో గుమాస్తాని. ఇల్లు నల్లపాడులో. ఇంటి వెనక నాలుగు సెంట్ల దొడ్డి, అందులో ఒక వేపచెట్టు, రెండు మునగచెట్లు, మిగిలిందంతా కోళ్లది. అవి అసిల్ కోళ్లు. మన వైపు జాతికోడి అంటారు, పందెంకోడి అంటారు. పొడుగాటి మెడ, విశాలమైన ఛాతీ, ఒంటికి అతుక్కుపోయినట్టుండే ఈకలు, తల మీద బఠాణీ గింజలు మూడు వరసలుగా అతికించినట్టు చిన్న తురాయి, గడ్డం కింద వేలాడే ఎర్ర తోలు ఉండీ లేనట్టు. మన దేశవాళీ కోళ్లలో పేరు మోసిన జాతి. డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల, కౌజు, మైల, పూల, పింగళ అంటూ రంగుని బట్టి పేర్లు పెట్టిన వాళ్లు మన పెద్దలు. ఏ రంగు కోడి ఏ రోజు గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం కూడా ఉంది. దాన్ని నమ్మి పొలాలు పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. నాకు ఆ లెక్కలొద్దు. నేను పట్టుకుని వేలాడుతున్నది పెట్టమారుని.

పెట్టమారు అంటే రంగు కాదు. పెట్ట ఈకలతో పుట్టే పుంజు. మామూలు పుంజుకి అందమంతా మెడ మీద జారే సన్నటి మొనదేలిన ఈకల్లో, నడుం మీంచి రెండు వైపులా వేలాడే ఈకల్లో, కొడవలిలా వంగిన తోకలో ఉంటుంది. పెట్టమారుకి వీటిలో ఒక్కటీ ఉండదు. ఈకల చివర్లు గుండ్రంగా ఉంటాయి, తోక పొట్టిగా తిన్నగా ఉంటుంది. పది అడుగుల దూరం నుంచి చూస్తే పెట్టే. దగ్గరికెళ్లి కాలు చూస్తే తెలుస్తుంది. నా బొటనవేలంత లావు ఎముక, వెనక వైపు మొలుచుకొస్తున్న ముల్లు. బరిలో ఎదుటి పుంజు దీన్ని పెట్ట అనుకొని తికమక పడుతుందని, ఆ తికమకలోనే దెబ్బ తింటుందని పందెగాళ్ల నమ్మకం. అందుకే ఒకప్పుడు దీనికి గిరాకీ. ఇప్పుడు కత్తులు కట్టి రెండు నిమిషాల్లో తేల్చేస్తున్నారు, తికమక పడే టైమ్ ఎవరికుంది? పైగా చూడ్డానికి పెట్టలా ఉండే పుంజుని మీసం మెలేసే మనిషి చంకలో పెట్టుకోడు కదా. అలా ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారు.

మా కోళ్ల మూలం పల్నాడు. అమ్మమ్మ వాళ్లది కారంపూడి పక్క ఊరు. కార్తీక అమావాస్యకి అక్కడ ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అందులో నాలుగో రోజుని కోడిపోరు అనే పిలుస్తారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిన కోడిపందెం రోజు అన్నమాట. కోడి వల్ల యుద్ధమే వచ్చిందని చెప్పుకునే ఊళ్లో పుట్టిన మనిషి మా తాత. ఆయనా పందేలు కట్టాడు. రెండెకరాలు పోయాక మానేశాడు. పందెం మానేశాడు గానీ కోళ్లని వదల్లేదు. ఆయన పోయాక మామయ్య వాటిని అమ్మేస్తుంటే ఒక పుంజుని, రెండు పెట్టల్ని నేను బస్సులో గంపలో పెట్టుకుని తెచ్చుకున్నాను. 2017లో సంగతి. ఆ పుంజు పెట్టమారు. డేగ రంగు. పేరు దొర.

దొర ఐదేళ్లు నా దొడ్డిని ఏలాడు. 2022 డిసెంబరులో వారం రోజుల్లో అంతా తుడిచిపెట్టుకుపోయింది.

కొక్కెర తెగులు. ఉత్తరాఖండ్‌లో రాణీఖేత్ అనే కొండ ఊరి పేరు మీద డాక్టర్లు దాన్ని రాణీఖేత్ అంటారు. చలికాలంలో ఒక ఇంట్లో మొదలైతే వీధి వీధంతా ఊడ్చేస్తుంది. మొదటి రోజు ఒక పెట్ట మేత ముట్టకుండా కళ్లు మూసుకుని మూల నిలబడింది. రెండో రోజు ఆకుపచ్చ పారుడు. మూడో రోజు మెడ మెలికలు తిరిగి, తల వెనక్కి వాలిపోయి, ఆకాశంలోకి చూస్తున్నట్టు తిరుగుతోంది. 26 కోళ్లకి 22 పోయాయి. దొరని చేతుల్లో పెట్టుకుని నీళ్లు పట్టాను. ముక్కు తెరిచి గురగురమంటూ ఊపిరి లాక్కుంటూ నా మోచేతి మీదే పోయాడు. చచ్చిన ఒక పెట్టని సంచిలో చుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు కోసి చూపించారు. కందనకాయకి పైనుండే చిన్న సంచి లోపలంతా గుండుసూది తలలంత ఎర్రటి మచ్చలు. “టీకా వేయలేదా?” అన్నారు.

వేశాను! అదే బాధ. ఐదో రోజున కంట్లో చుక్క లసోటా వేశాను. ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ వేశాను. ఏటా మళ్లీ వేస్తాను. కాకపోతే ఆ ఏడాది మందు కొన్న షాపులో కరెంటు బిల్లు కోసం రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తారని తర్వాత తెలిసింది. అది బతికున్న వైరస్‌తో చేసే టీకా. చల్లదనం తప్పితే అది మందు కాదు, ఉప్పునీళ్లే. ఇందులో నా తప్పూ ఉంది. ఆ రోజు ఐస్ డబ్బా మర్చిపోయి చొక్కా జేబులో పెట్టుకుని, దారిలో టీ కూడా తాగి వచ్చాను. ఇప్పుడు థర్మాస్ ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసుకునే వెళ్తాను. సీసా మూత తీశాక రెండు గంటల్లో అయిపోవాలి. వంద డోసుల సీసా కొంటే నాకు కావలసింది ముప్పై, అందుకని మిగిలింది వీధిలో ఎవరి కోళ్లకైనా ఊరికే వేస్తాను. పుణ్యం కోసం కాదు. వాళ్ల కోళ్లు బాగుంటేనే నా కోళ్లు బాగుంటాయి.

మిగిలినవి నాలుగూ పెట్టలే. దొర కొడుకులు ఒక్కటీ మిగల్లేదు. పల్నాడులో తాత నాటి మనుషుల్ని అడిగాను. “పెట్టమారా? అవెక్కడున్నాయి నాయనా ఇప్పుడు, అన్నీ పెరూ క్రాసులే” అన్నారు. నిజమే. ఇప్పుడు అందరికీ వేగం కావాలి. బయటి జాతులతో కలిపేసి, పిల్ల తొందరగా ఎదగాలి, తొందరగా ఎగరాలి అంటున్నారు. పాత రకం అసిల్ నెమ్మది మనిషి. ఎదగడానికి ఏడాది తీసుకుంటుంది, ఏడాదికి ముప్పై నలభై గుడ్లు పెడితే గొప్ప.

ఇదంతా అయ్యాక మార్చిలో వచ్చింది అత్త ఫోన్.

అంతకు ముందు నవంబరులో, కార్తీకమాసం చివర్లో, అత్త మా ఇంటికొచ్చి “ఒక మంచి పెట్టనివ్వరా, గుడ్లకి పనికొస్తుంది” అంటే ఆగస్టులో పుట్టిన పిల్లల్లోంచి ఒకదాన్ని ఇచ్చి పంపాను. మూడు నెలల పిల్ల. డేగ రంగు, గుండ్రటి ఈకలు. పెట్టే అనుకున్నాను. అసిల్‌లో తురాయి పుంజుకీ చిన్నదే, పెట్టకీ చిన్నదే, పైగా పెట్టమారైతే ఇంక పోల్చుకునే దారేది? ఇన్నేళ్లు పెంచిన వాణ్ణి, నేనే మోసపోయాను. అలా మోసపోవడం వల్లే తెగులు వచ్చిన నాటికి అది నా దొడ్లో లేదు.

నారాకోడూరు మీదుగా తెనాలి పక్కన అంగలకుదురు చేరేసరికి నాలుగైంది. అత్త వాకిట్లో గంప కింద పెట్టి ఉంచింది. వాళ్ల అత్తగారు అరుగు మీద కూర్చుని గంప వైపు చూడ్డానికి కూడా ఇష్టపడటం లేదు.

గంప ఎత్తాను. అది లేచి నిలబడింది. ఎర్రటి డేగ రంగు పెట్ట. పొట్టి తోక. మెడ మీద గుండ్రటి ఈకలు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. మెల్లగా పట్టుకుని వెల్లకిలా తిప్పి కాళ్లు చూశాను. రెండు కాళ్ల వెనకా శనగగింజంత గట్టి ముల్లు. ఎముక నా బొటనవేలంత. చేతుల్లోంచి విదిలించుకుని కింద దూకి, రెక్కలు రెండుసార్లు టపటపా కొట్టి, మెడ సాచి ఒక్క కూత పెట్టింది. కొత్తగా కూస్తున్న పుంజు కదా, చివర్లో గొంతు చీలి కీచుమంది.

“చూశావా!” అంది మామ్మ.

“మామ్మా, ఇది పెట్ట కాదు, పుంజు.”

“ఆ తోకేంది మరి?”

ఇరవై నిమిషాలు చెప్పాను. కాలి ముల్లు ముట్టుకోమన్నాను. ముట్టుకోలేదు. చివరికి “ఏదైనా సరే, నా వాకిట్లో వద్దు” అంది. నాక్కావలసిందీ అదే. మామ్మ భయంలో కొంచెం నిజం కూడా ఉందిలెండి. పెట్టకి లోపల అండాశయం దెబ్బతింటే ఒక్కోసారి నిజంగానే కూస్తుంది, పుంజు ఈకలూ వస్తాయి. గుడ్లు మానేసి కూసే పెట్ట ఇంటికి అరిష్టమో కాదో గానీ, దాని ఒంటికి మాత్రం ఏదో అయినట్టే.

అత్త దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టుకుంది. ఇప్పటికీ అదే పేరు. నాలుగు కిలోల బుజ్జమ్మ. అత్తకి బదులు రెండు గుడ్ల పెట్టలు కొనిచ్చాను, మామ్మకి వక్కపలుకులు.

ఇంటికి తెచ్చిన రెండో రోజు ఒక తమాషా జరిగింది. అప్పటికి నా దగ్గర పెట్టలకి తోడుగా అద్దంకి నుంచి తెచ్చిన కాకి పుంజు ఒకటుంది, మామూలు ఈకలది. రెండు పుంజుల్ని ఒకచోట వదలకూడదని తెలిసీ గంప సరిగ్గా మూయలేదు. కాకి పుంజు బుజ్జమ్మని చూసింది. పోట్లాటకి దిగుతుందని నేను పరిగెత్తేలోపు, ఒక రెక్క నేలకి దించి, ఆ రెక్క మీద కాలు గీకుతూ, బుజ్జమ్మ చుట్టూ అరచక్రం తిరిగింది. పెట్టకి చేసే సరసం అది. బుజ్జమ్మ అలా చూస్తూ నిలబడింది. రెండో చుట్టు తిరగ్గానే ఎగిరి రెండు కాళ్లతో ఛాతీ మీద ఒక్క తన్ను తన్నింది. కాకి పుంజు వెల్లకిలా పడి లేచి, మునగచెట్టు కిందకి పోయి నిలబడి తల ఇటు తిప్పి అటు తిప్పి చూస్తోంది. పందెగాళ్లు చెప్పే తికమక అబద్ధం కాదన్నమాట. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి ఎంత నవ్విందో. ఇద్దర్నీ విడదీసి చెరో గంప కింద పెట్టేసరికి నా మోచేయి గీరుకుపోయింది.

ఈ ఈకల సంగతి ఏంటా అని చదవడం మొదలుపెట్టాను. మన పెట్టమారు లాంటివే ఇంగ్లండులో సెబ్రైట్ అనే చిట్టి కోళ్లలో ఉంటాయి. వాటిలో పుంజులన్నీ పెట్ట ఈకలతోనే ఉంటాయి. పండు ఈగల మీద పనికి 1933లో నోబెల్ అందుకున్న మోర్గాన్ అంతకు ముందు ఈ కోళ్ల మీద కూడా పనిచేశాడు. సెబ్రైట్ పుంజులకి వృషణాలు తీసేస్తే, ఈకలు రాలి కొత్తవి వచ్చేటప్పుడు అచ్చమైన పుంజు ఈకలు వచ్చాయట! వినగానే తలకిందులుగా అనిపించింది. మగతనం తీసేస్తే మగ ఈకలు రావడమేంటి? కారణం ఏంటంటే కోళ్లలో పెట్ట ఈకలు రావాలంటే ఆడ హార్మోన్ కావాలి, అది లేకపోతే వచ్చేవి పుంజు ఈకలే. సెబ్రైట్ పుంజుల చర్మంలో మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మార్చేసే పదార్థం తయారవుతూ ఉంటుంది. వృషణాలు తీసేస్తే మార్చడానికి మగ హార్మోనే ఉండదు, అందుకే పుంజు ఈకలు వచ్చాయి. ఆ పదార్థానికి మూలం ఒకే ఒక్క జన్యువు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క కాపీ వచ్చినా చాలు, పుంజు పెట్ట ఈకలు తొడుక్కుంటుంది.

మా కోళ్లలోనూ అదే జన్యువా అని పరీక్ష చేయించలేదు గానీ, లెక్క మాత్రం దానికి సరిపోతోంది. లెక్కంటే నాకు సరదా. యార్డులో వాడే చిట్టా పుస్తకం ఒకటి కోళ్లకి కేటాయించాను. ప్రతి పిల్ల కాలికీ రంగు వైరు చుట్టి ఒక నంబరు. మిర్చి బస్తాలకి లాట్ నంబర్ వేసినట్టే.

బుజ్జమ్మని నాలుగు పాత పెట్టల్తో కలపొచ్చు, కానీ అవి తల్లీ, అక్కలూ, పెత్తల్లులూ. దగ్గర రక్తం రెండు తరాలు కలిపితే ఏమవుతుందో దొర హయాంలోనే చూశాను. పదకొండు గుడ్లు పెడితే నాలుగు పిల్లలయ్యేవి, వాటిలో ఒకదానికి వేళ్లు వంకర. అందుకని అద్దంకి పెట్టలు రెండు తెచ్చాను. ఒకటి మోసం చేసింది. దాని పిల్లల్లో రెండింటికి ఒంటి తురాయి లేచింది, రంపపు పళ్లలాంటిది. బఠాణీ తురాయి అసిల్‌కి ఒంటి తురాయి పిల్ల పుట్టిందంటే అమ్మలోనూ నాన్నలోనూ ఎక్కడో పాత కలగలుపు దాక్కుని ఉన్నట్టే. అంటే బుజ్జమ్మలో కూడా! తాత కోళ్లు స్వచ్ఛం స్వచ్ఛం అని నేను ఊరంతా చెప్పుకున్నది అక్కడితో సరి. ఏ ముత్తాత పెట్టో ఏ వీధి పుంజుతోనో కలిసి ఉంటుంది. ఆ పెట్టని కూర చేయలేదు గానీ దాని గుడ్లు మాత్రం ఆమ్లెట్లకే.

రెండో అద్దంకి పెట్ట బంగారం. ఏడాదిలో మూడుసార్లు పొదుగుకొచ్చింది. దాని కొడుకులు పదమూడు పెద్దయ్యాయి. ఏడు పెట్టమార్లు, ఆరు మామూలు పుంజులు. సగానికి సగం. అంటే బుజ్జమ్మలో ఉన్నది ఒక్క కాపీనే. అలాంటి పుంజుతో ప్రతి తరంలోనూ బొమ్మా బొరుసా వేసుకోవాల్సిందే. రెండు కాపీలున్న పుంజు ఒక్కటి దొరికితే దాని కొడుకులన్నీ పెట్టమార్లే అవుతాయి, అప్పుడు పంచిపెట్టొచ్చు, పది దొడ్లలో ఉంటే ఒక తెగులుకి అంతా పోదు. రెండు కాపీలు రావాలంటే అమ్మ వైపు నుంచి కూడా ఒకటి రావాలి. పెట్ట ఎలాగూ పెట్ట ఈకలతోనే ఉంటుంది కదా, దాని లోపల ఈ జన్యువు ఉందో లేదో పైకి ఎలా తెలుస్తుంది?

తెలియదు. పెట్టని మామూలు పుంజుతో కలిపి, పిల్లల్ని పెంచి, కొడుకులకి ఏ ఈకలు వస్తాయో చూడాలి. ఒక్క పెట్ట గుట్టు తెలియడానికి ఏడాది. బుజ్జమ్మ కూతుళ్లు రెండింటిని అలా పరీక్షించాను. తొమ్మిదో నంబరుకి ఐదుగురు కొడుకులు, ఐదూ మామూలు పుంజులే. పద్నాలుగో నంబరుకి మొదటి కొడుకే పెట్టమారు. నడుం మీద గుండ్రటి ఈకలు కనిపించిన రోజు మా ఆవిడకి చూపిస్తే, “ఏడాది పొడుగునా మేత పోసింది ఈ తోక లేని దాని కోసమా?” అంది.

మేత ఖర్చు నిజంగానే ఎక్కువ. జొన్నలు, గంటెలు, నూకలు, తవుడు. పుంజులు మూడో నెలలోనే ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలెడతాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో గంప, ఒక్కో నీళ్ల చిప్ప. పిల్లలకి మాంసకృత్తుల కోసం చెదలు పెంచుతాను. పాత కుండలో చిరిగిన గోనెసంచి ముక్కలు, పేడ, కాస్త గడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి సాయంత్రం పుట్ట పక్కన బోర్లిస్తే పొద్దున్నకి కుండ నిండా తెల్లటి చెదలు. కుండ ఎత్తి దులిపితే పిల్లలు నా కాళ్ల మీంచి ఎక్కి దూకుతాయి.

ఎండాకాలం మాత్రం నా వల్ల కాదు. మే నెలలో యార్డుకి సెలవులిస్తారు, నాకు ఖాళీ, కానీ గుంటూరు ఎండకి గుడ్డు పొదగకముందే సగం పాడవుతుంది. తడి ఇసక నింపిన కుండలో గుడ్డని పరిచి దాని మీద గుడ్లు దాస్తాను. వారం దాటిన గుడ్డు పెట్టను. బేసి సంఖ్య, పదకొండు. బుట్టలో వరిగడ్డి కింద అమ్మమ్మ పెట్టినట్టే ఒక ఇనప మేకు, రెండు ఎండు మిరపకాయలు, ఒక బొగ్గు ముక్క. ఉరుముకి గుడ్లు మురిగిపోకుండా అంటారు. జన్యువుల గురించి ఇంత రాసిన వాడివి మేకెందుకురా అంటే, ఏమో, పెట్టకుండా ఉండలేను. మిరపకాయలు నాకు ఊరికే వస్తాయి కూడా.

డిసెంబరు వస్తే ఇంటికి మనుషులొస్తారు. భీమవరం వైపు నుంచి కారు వేసుకుని వచ్చిన ఒకాయన బుజ్జమ్మని చూసి నలభై వేలన్నాడు. నా జీతం ఎంతో చెప్పను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1960 నాటి జంతుహింస చట్టం ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, హైకోర్టు ఆదేశాలున్నాయి. అయినా ప్రతి సంక్రాంతికీ బరులు లేస్తూనే ఉన్నాయని అందరికీ తెలుసు. నేనేమీ నీతులు చెప్పే మనిషిని కాను. అసలు ఈ జాతి ఇన్ని వందల ఏళ్లు నిలబడిందే బరి వల్ల. గుడ్ల కోసమైతే దీన్ని ఎవరూ ఉంచేవాళ్లు కాదు. మిగులు పుంజుల్ని నేనూ కోసుకు తింటాను, నెమ్మదిగా ఉడికే గట్టి మాంసం, గారెల్లోకి దానికి సాటి లేదు. కానీ కాలికి కత్తి కట్టి వదిలితే రెండు నిమిషాల్లో పోయేదానికి ఇవ్వలేను. ఇస్తే మళ్లీ మొదటికి, నాలుగు పెట్టల దగ్గరికి. “ఇది పెట్టండీ, గుడ్లు పెడుతుంది” అన్నాను ఆయనతో. అదే సమయానికి బుజ్జమ్మ కూసింది. ఆయన నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు.

పద్నాలుగో నంబరు పెట్టని ఒక పెట్టమారుతో కలిపి పొదిగించింది 2025 ఫిబ్రవరిలో. సరిగ్గా అప్పుడే గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. దొడ్డి గేటుకి తాళం వేశాను. బయటి కోడి లోపలికి లేదు, లోపలిది బయటికి లేదు. యార్డు నుంచి రాగానే చెప్పులు బయట వదిలేసి, కాళ్లు కడుక్కుని, వేరే చెప్పులు వేసుకుని లోపలికి వెళ్లేవాణ్ణి. పిల్లలు తొమ్మిది వచ్చాయి. పెట్టమార్లు మూడు. ఒకదాన్ని ముంగిస ఎత్తుకుపోయింది. మిగిలిన రెండింటిలో ఒకదానికి తొలి కొడుకే మామూలు పుంజు, అక్కడితో తేలిపోయింది. రెండోది ఎనిమిదో నంబరు.

ఎనిమిదో నంబరుని మామూలు ఈకల వంశంలో పెట్టలతో కలిపాను. ఇప్పటికి దాని కొడుకులు ఐదింటికి ఈకలు తేలాయి. ఐదూ పెట్టమార్లే. ఒక్క కాపీ ఉన్న పుంజుకి వరసగా ఐదుసార్లు అలా పడాలంటే ముప్పై రెండింటికి ఒక్క ఛాన్స్. పడకూడదని లేదు. యార్డులో అంతకన్నా వింత ధరలు చూశాను.

ఆరోది ఉంది. మూడున్నర నెలలు. కాలు లావుగా ఉంది, పుంజే. రోజూ పొద్దున్నే యార్డుకి బయల్దేరే ముందు దాన్ని ఒళ్లో పెట్టుకుని నడుం మీద ఈకలు వేలితో ఎత్తి చూస్తున్నాను. పాత ఈకల మధ్యలోంచి కొత్తవి గొట్టాల్లా పొడుచుకొస్తున్నాయి, ఇంకా విచ్చుకోలేదు. ఒకటి మాత్రం నిన్న కొద్దిగా చిట్లింది. చివర గుండ్రంగానే ఉన్నట్టుంది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి మొనదేలి ఉందంటోంది.